కోడలి నోటి మాటలు



నాకు చదువు చెప్పిన మాస్టారు పోయిన ఏడాదికి ఆయన పుస్తకాలు సర్దే పని నా వంతుకు వచ్చింది. ఇనప బీరువా కింది అర నిండా మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు. ప్రగతి ప్రచురణాలయం వాళ్ళవి, రాదుగ వాళ్ళవి. మా తరంలో చాలామందికి రష్యా అంటే ముందు గుర్తొచ్చేవి ఆ నున్నటి కాగితమూ, గట్టి అట్టలూ. ఉప్పల లక్ష్మణరావు గారి లాంటివాళ్ళు మాస్కోలో ఏళ్ళ తరబడి ఉండి ఆ పుస్తకాలను తెలుగు చేశారు. వాటి అడుగున ఒక నోటు పుస్తకం దొరికింది. చెకోవ్ నాటకం ‘ద్యాద్యా వాన్యా’ను కాలేజీ పిల్లల చేత ఆడించాలని మాస్టారు మొదలుపెట్టిన అనువాదం అది. మొదటి పేజీలో సిరాతో రాసిన పేరు ‘వాన్యా బాబాయి’. ‘బాబాయి’ మీద పెన్సిలుతో అడ్డగీత. కింద ‘మామయ్య’. మార్జిన్‌లో చీమ తలకాయంత అక్షరాలు: “సోన్యా తల్లి తోడబుట్టినవాడు. మేనమామ. ముందే చూసుకోవలసింది.”

ఆ అడ్డగీత దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రష్యన్ భాషలో ‘ద్యాద్యా’ అంటే తండ్రి తమ్ముడూ కావచ్చు, తల్లి అన్నా కావచ్చు. మాట వినగానే తేలదు. తెలుగులో అలా కుదరదు. ఎవరి వైపు చుట్టమో తేల్చుకోకపోతే మనం నాటకానికి పేరు కూడా పెట్టలేం. తేల్చుకున్నాక కథే మారిపోతుంది. ఆ ఎస్టేటు వాన్యా చెల్లెలికి కట్నంగా కొన్నది. చెల్లెలి కోసం వాన్యా తన వాటా వదులుకున్నాడు, పదేళ్ళు ఎద్దులా చాకిరీ చేసి దాని మీద ఉన్న అప్పు తీర్చాడు. చెల్లెలు చనిపోయింది. ఆమె భర్త మళ్ళీ పెళ్ళి చేసుకుని ఒకరోజు ఎస్టేటు అమ్మేద్దామంటూ వచ్చాడు. బాబాయి అంటే ఇది ఆస్తి తగాదా. మామయ్య అనగానే, పుట్టింటి పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఆస్తినీ, మేనకోడలు సోన్యానీ కాచుకుని కూర్చున్న ఒక మేనమామ కడుపుకోత అవుతుంది.

ఈ సంగతి రష్యన్ల కంటే వాళ్ళ స్లావిక్ దాయాదులకే బాగా తెలుసు. ఈ నాటకాన్ని సెర్బియన్‌లో ‘ఊయ్కా వాన్యా’ అంటారు. ఊయక్ అంటే తల్లి తోడబుట్టినవాడు. తండ్రి తోడబుట్టినవాడు స్త్రిత్స్. బల్గేరియన్లు ‘వూయ్చో వాన్యో’ అన్నారు, పోలిష్ వాళ్ళు ‘వుయాషెక్ వాన్యా’ అన్నారు. ఇవన్నీ మేనమామ మాటలే. పాత రష్యన్‌లోనూ ‘స్త్రియ్’ అంటే పినతండ్రి, ‘ఊయ్’ అంటే మేనమామ. ఉమ్మడి కుటుంబాలు విడిపోతూ వచ్చినకొద్దీ రష్యన్లు ఆ రెండు మాటలనూ పోగొట్టుకుని ఒక్క ‘ద్యాద్యా’తో సరిపెట్టుకున్నారు. చెక్ భాషలో ఇంకో చిత్రం జరిగింది. అక్కడ మేనమామ మాట వాడుక తప్పి, తండ్రి వైపు మాటే అందరికీ చెల్లింది. అందుకే వాన్యా చెక్‌లో ‘స్త్రీచెక్’ అయ్యాడు. మాస్టారు మొదట చేసిన పొరపాటే అక్కడ భాషే చేసిందన్నమాట.

‘ఊయ్’ మాట వెనక ఇంకా లోతుంది. లాటిన్‌లో తాతను ‘ఆవుస్’ అంటారు, మేనమామను ‘అవుంకులుస్’ అంటారు. అంటే చిన్న తాత. స్లావిక్ ‘ఊయ్’ కూడా ఆ ‘ఆవుస్’ మూలం నుంచి వచ్చిందే. అమ్మకు నాన్న తరువాత ఆ ఇంట్లో ఆ స్థానంలో నిలబడేవాడు ఆమె తోడబుట్టినవాడని మాటే చెబుతోంది. ఇంగ్లీషు ‘అంకుల్’ ఆ లాటిన్ మాటకు మనవడే. మన ఊళ్ళలో కూరగాయల బండి అతన్నీ, పక్కింటాయన్నీ మనం పిలిచే ‘అంకుల్’ ఒకప్పుడు నికార్సయిన మేనమామ.

మాస్టారు ఆ రోజుల్లో ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, మాస్కో నుంచి తెప్పించుకున్న వాచకం పెట్టుకుని రష్యన్ నేర్చుకున్నారు. నాకు భాషాశాస్త్రం మీద మోజు పుట్టించింది ఆయనే. అందుకే ఈ స్మారకోపన్యాసానికి స్లావిక్ భాషల చుట్టరికపు మాటలు ఎంచుకున్నాను. రష్యన్, ఉక్రేనియన్, బెలారూసియన్, పోలిష్, చెక్, స్లోవక్, బల్గేరియన్, మేసిడోనియన్, సెర్బియన్, క్రొయేషియన్, స్లోవీన్ మొదలైన భాషలన్నీ ఒక తల్లి బిడ్డలు. ఆ తల్లి సంస్కృతానికీ, గ్రీకుకూ, లాటిన్‌కూ తోబుట్టువు. కాబట్టి మాత్, బ్రాత్, సెస్త్రా, సిన్, దోచ్ అని విన్నప్పుడు మాతృ, భ్రాతృ, స్వసృ, సూను, దుహితృ గుర్తురావడంలో వింత లేదు. రష్యన్ కర్త రూపంలో ‘మాత్’ అని పొట్టిగా ఉన్నా, షష్ఠిలో ‘మాతెరి’ అని అసలు రూపం బయటపడుతుంది. ‘సెస్త్రా’లోని తకారం మధ్యలో దూరింది, ‘స’కూ ‘ర’కూ నడుమ నాలుక జారకుండా వేసుకున్న మెట్టు అది. వీటి గురించి ఏ పుస్తకం చూసినా దొరుకుతుంది. నేను చెప్పదలుచుకున్నది వేరు.

1889లో బెర్టోల్ట్ డెల్‌బ్రుక్ అనే జర్మన్ పండితుడు ఇండో యూరోపియన్ భాషల బంధుత్వ వాచకాల మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన ఒక విషయం గమనించాడు. భర్త తల్లిదండ్రులకు, భర్త అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, తోడికోడళ్ళకు పాత మాటలు ఆ భాషా కుటుంబమంతటా నిలిచి ఉన్నాయి. భార్య తల్లిదండ్రులకు, భార్య తోబుట్టువులకు మాత్రం అలాంటి ఉమ్మడి మాటలు లేవు. ఒక్కో భాష తనకు తోచినట్టు తరువాత కూర్చుకుంది. అంటే ఆ పాత మాటలు ఎవరి నోట పుట్టాయి? ఎవరికి అవసరమయ్యాయి? పుట్టిల్లు వదిలి వచ్చి, ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య ఎవరిని ఏమని పిలవాలో తెలుసుకోవలసిన పిల్లకు. తరువాతి పండితులు ఈ వాదాన్ని అక్కడక్కడ సవరించారు గానీ మూలవాదం నిలిచింది. నా మటుకు నాకు భాషాశాస్త్రంలో ఇంతగా మనసుకు తగిలిన మాట మరొకటి లేదు. వేల ఏళ్ళ కిందటి ఒక అమ్మాయి అత్తగారింట్లో మొదటి వారం నేర్చుకున్న పాఠం, చెక్కు చెదరకుండా మనకు చేరింది.

ఆ పాఠం రష్యన్‌లో ఇలా ఉంటుంది. భర్త తల్లి స్వెక్రోవ్, భర్త తండ్రి స్వ్యోకర్, భర్త సోదరుడు దేవెర్, భర్త సోదరి జొలోవ్కా. కొడుకు భార్య స్నొఖా.

స్వెక్రోవ్, స్వ్యోకర్ అంటే మన శ్వశ్రువు, శ్వశురుడు. మిగిలిన భాషలను పక్కపక్కన పెట్టి చూస్తే, సంస్కృతంలో అది ‘స్వశుర’ అని ఉండవలసింది. రెండో శకారం మొదటి సకారాన్ని తన దారికి లాక్కుంది. ఇక్కడ రష్యన్ పల్లె మాటే పాత రూపాన్ని శుభ్రంగా దాచిపెట్టింది. స్నొఖా అంటే స్నుష. స్నుషలో ‘ఉ’ తరువాత వచ్చిన సకారం సంస్కృతంలో ‘ష’ అయింది, స్లావిక్‌లో ‘ఖ’ అయింది. రెండు భాషలూ ఒకే చోట తడబడ్డాయి. ఇలాంటి తడబాటు కాకతాళీయంగా జరగదు. బంధుత్వాన్ని రుజువు చేసేవి ఇలాంటి క్రమం తప్పని తేడాలే. పోలికలది వీటి తరువాతి స్థానం.

దేవెర్ దేవరుడు. ఈ మాటకు మన నిరుక్తకారుడు యాస్కుడు ‘రెండో వరుడు’ అని అర్థం చెప్పాడు. మరిదితో పునర్వివాహమనే ఆచారాన్ని దృష్టిలో పెట్టుకున్న వ్యుత్పత్తి అది. వినడానికి సబబుగా ఉంటుంది. కానీ స్లావిక్ దేవెర్, గ్రీకు దాయేర్, లాటిన్ లేవిర్ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ మాటలో ‘రెండు’ లేదు, ‘వరుడు’ లేడు. యాస్కుణ్ణి తప్పుపట్టడానికి నేను ఈ మాట అనడం లేదు. ఆయన దగ్గర రష్యన్ నిఘంటువు లేదు. ‘విధవ’ విషయంలోనూ ఇదే జరిగింది. రష్యన్‌లో ‘వ్దొవా’, లాటిన్‌లో ‘విదువా’. ఇది విడదీయరాని పాత మాట. మనవాళ్ళు దాన్ని ‘వి’ అనీ ‘ధవ’ అనీ విరిచి, ‘ధవుడు’ అంటే భర్త అని కోశాలకు ఎక్కించారు. భర్త చనిపోయిన స్త్రీ మాట ముందు పుట్టింది, దాన్ని విరిస్తే భర్త మాట తరువాత వచ్చింది.

సెర్బియన్ పెళ్ళిళ్ళలో దేవెర్‌కు ఒక పని ఉంది. పెళ్ళినాడు పెళ్ళికూతురిని వెన్నంటి ఉండి, పుట్టింటి గడప నుంచి అత్తింటి గడప దాకా చేరవేసే బాధ్యత అతనిది. ఆ ఇంట్లో ఆమెకు మొదట చనువయ్యే మనిషి మరిదే. ఇది మనకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

ఇక తోడికోడలు. ఇంగ్లీషువాడికి ఈ చుట్టం ఎవరో చెప్పడానికి ఒక వాక్యం కావాలి. సంస్కృతంలో యాతృ, గ్రీకులో ఎయినాతెర్, సెర్బియన్‌లో యెత్ర్వా, బల్గేరియన్‌లో ఎతర్వా. రష్యన్‌లో ఈ మాట పాతబడి పోయింది. తెలంగాణలో తోడికోడలిని ‘యారాలు’ అంటారు. మా అమ్మ ఆ మాటే వాడేది. యాతృ, యెత్ర్వా, యారాలు అని వరసగా విన్నప్పుడు నాకు చదువుకునే రోజుల్లో ఒళ్ళు పులకరించింది. పరుగున వెళ్ళి మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. “మొదటి అక్షరం పలికినంత మాత్రాన చుట్టరికం కలవదురా. మిగిలిన అక్షరాలకు లెక్క చెప్పు” అన్నారు. లెక్క చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను, అందుకే కలపను.

ఆ జాగ్రత్త ఇంటి మాటల విషయంలో మరీ అవసరం. రష్యన్ ‘అతేత్స్’, పోలిష్ ‘ఓయ్‌చెత్స్’, చెక్ ‘ఒతెత్స్’, వీటన్నిటికీ అర్థం నాన్న. మూలం ‘అత్త’ అనే పసిపిల్లల పలుకు. దానికి ముద్దు ప్రత్యయం తగిలించి పెద్దల మాట చేసుకున్నారు. గోథిక్‌లోనూ ‘అత్త’ అంటే నాన్నే. మనకు అత్త ఎవరో అందరికీ తెలుసు. స్లావులకు ‘తాత’ అంటే నాన్న, మనకు నాన్నకు నాన్న. వాళ్ళకు ‘మామా’ అమ్మ, మనకు మేనమామ, జార్జియన్లకు నాన్న. మాస్కోలో పుట్టిన మహా భాషావేత్త రొమాన్ యాకొబ్సన్ ఈ మాటల మీదే ఒక వ్యాసం రాశాడు. పాలు తాగే నోరు మూసి తెరిచినప్పుడు వచ్చే ధ్వనులను పెద్దవాళ్ళు ‘నన్నే పిలుస్తోంది’ అనుకుని పంచుకున్నారని దాని సారం. అంచేత అత్త, తాత, మామ, బాబ అనే మాటలతో ఏ రెండు జాతులనూ చుట్టాలను చేయకూడదు. స్లావులకు ఒకప్పుడు సంస్కృత పితృ శబ్దానికి జతగా ఒక మాట ఉండేది. ఈ పసిపలుకే దాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టింది.

భార్య వైపు మాటలు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఆ మాటల వయసూ తక్కువే, లోతూ తక్కువే. రష్యన్‌లో భార్య తండ్రి తెస్త్, తల్లి త్యోష్షా, తమ్ముడో అన్నో షూరిన్. భార్య అక్కకో చెల్లెలికో భర్త స్వొయాక్. అంటే తోడల్లుడు. ‘స్వొయ్’ అంటే తనది. మన ‘స్వ’ అదే. స్వొయాక్ అంటే స్వకీయుడన్నమాట. సెర్బియన్‌లో భార్య అక్కచెల్లెళ్ళను ‘స్వాస్తికా’ అంటారు. మన స్వస్తికంతో దానికి ఏ సంబంధమూ లేదు, అదీ ఆ ‘స్వ’ కుటుంబపు మాటే. వియ్యంకుడికి రష్యన్‌లో ‘స్వాత్’ అనే మాట ఉంది. సెర్బియన్లు వియ్యంకుణ్ణి ‘ప్రియాతెల్’ అంటారు, అంటే స్నేహితుడు. పిల్లనిచ్చిన ఇంటివాణ్ణి స్నేహితుడని పిలుచుకోవడంలో ఒక ప్రార్థన ఉంది. సెర్బుల్లో రక్తం కలవని ‘కూమ్’ అనే చుట్టం కూడా ఉన్నాడు. పెళ్ళికి సాక్షి, బిడ్డకు జ్ఞానస్నానపు తండ్రి. వాళ్ళు పాలపుంతను ‘కూమొవా స్లామా’ అంటారు, అంటే కూమ్ గడ్డి. ఒక కూమ్ తన కూమ్ దగ్గర గడ్డి దొంగిలించి మోసుకుపోతుంటే దారి పొడుగునా రాలిందట. ఆ బంధంలో దొంగతనం ఎంత పెద్ద పాపమో ఊరంతా చూసేలా ఆకాశంలో రాసిపెట్టారు.

ఇప్పుడు కోడలి దగ్గరకే తిరిగి వస్తాను. పెళ్ళికూతురికి స్లావిక్ భాషల్లో ‘నెవేస్తా’ అనే మాట ఉంది. బల్గేరియన్, సెర్బియన్ మొదలైన భాషల్లో కోడలికీ ఇదే మాట చెల్లుతుంది. ‘కొత్తగా తెచ్చుకున్నది’ అని అర్థం చెప్పేవాళ్ళు ఉన్నారు. చాలాకాలంగా ఎక్కువమంది చెప్పేది మాత్రం ‘నె’ అంటే కాదు, ‘వేస్తా’ అంటే తెలిసినది అని. ఆ ‘వేద్’ ధాతువే మన వేదంలో, విదితంలో ఉంది. నెవేస్తా అంటే అవిదిత. తెలియని పిల్ల. రష్యన్‌లో మగవాడు పెళ్ళి చేసుకుంటే ‘భార్యను పొందాడు’ అన్నట్టు ఒక క్రియ, ఆడది చేసుకుంటే ‘భర్త వెనక్కి వెళ్ళింది’ అని వేరే మాట. ‘విష్లా జాముజ్’ అంటారు. ఇవాళ మాస్కోలో రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టే అమ్మాయి కూడా ఆ మాటే అంటుంది.

మన భాష ఇక్కడ పూర్తిగా వేరే దారిలో నడిచింది. తెలుగులో మేనత్త అత్తే, అత్తగారూ అత్తే. మేనమామ మామే, మామగారూ మామే. మేనకోడలే కోడలు, మేనల్లుడే అల్లుడు. మేనరికం మన వావి వరసల పునాది కాబట్టి, పెళ్ళికూతురు ‘తెలియని పిల్ల’ అయ్యే అవకాశాన్నే మన మాటలు ఒప్పుకోవు. స్లావుల ఇళ్ళలో మేనమామ పిల్లలు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే. వాళ్ళ చర్చి అంతకంటే దూరపు బంధువుల మధ్య కూడా పెళ్ళిని ఒప్పుకోలేదు. కాబట్టి ‘ఊయ్’ వేరు, ‘తెస్త్’ వేరు, ‘స్వ్యోకర్’ వేరు. కలిసే వీలే లేదు. 1871లో అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గన్ ప్రపంచ బంధుత్వ పదాల పట్టికలు అచ్చు వేసినప్పుడు, తెలుగు పట్టిక, రష్యన్ పట్టిక ఒకే పుస్తకంలోకి ఎక్కాయి. ఆ పట్టికలు తిరగేస్తుంటే ఏ మాట ఏ మాటతో కలిసిపోయిందో, ఏది విడిగా నిలబడిందో చూసి ఆ ఇంటి పెళ్ళిళ్ళు ఎలా జరిగాయో చెప్పెయ్యవచ్చు.

అలాగని మన ఆడపిల్లలకు కన్నీళ్ళు లేవని కాదు. “ఆడపిల్ల ఎప్పటికైనా ఆడ పిల్లే” అంటారు మన పల్లెల్లో. ఆడ అంటే అక్కడ. ఈడ ఉన్నంత కాలమూ ఆమె అక్కడి పిల్ల. నెవేస్తా మాటకు ఇంతకంటే దగ్గరి తెలుగు నాకు దొరకలేదు. ఉత్తర రష్యా పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు ఏడుస్తూ పాడటం ఒక విధి. అత్తిల్లు ఆ పాటల్లో ‘చుజాయా స్తొరొనా’, పరాయి దిక్కు. ఒనేగా సరస్సు ప్రాంతంలో ఇరీనా ఫెదొసొవా అనే నిరక్షరాస్యురాలు ఈ శోకాలకు పేరు పొందింది. ఆమె నోటి నుంచి బార్సొవ్ అనే పండితుడు రాసుకున్నవి 1872 నుంచి సంపుటాలుగా వచ్చాయి. 1896లో నీజ్నీ నోవ్‌గొరొద్ ప్రదర్శనలో ఆ ముసలామె పాడగా గోర్కీ విని, దాని గురించి రాశాడు. మన అప్పగింతల పాటలు విన్న ఎవరికైనా ఆ గొంతు పరాయిది కాదు. ఆ పాటల్లో చెప్పని సంగతి ఒకటి భాషలో ఉండిపోయింది. స్నొఖా నుంచి ‘స్నొఖాచ్’ అనే మాట పుట్టింది. కోడలిని చెరిచే మామ అని అర్థం. ఒక మనిషి చేసిన దుర్మార్గానికి మాట పుట్టదు. చాలా ఇళ్ళలో, చాలాకాలం జరిగితేనే పుడుతుంది. బంధుత్వ వాచకాల పట్టికలలో ఈ మాట కనిపించదు. నా ఉద్దేశంలో ఉండాలి.

ఇంటి మాటల్లో అనాథ కథ కూడా ఉంది. పాత మూలభాషలో తల్లీతండ్రీ లేని బిడ్డకు ‘ఒర్భో’ అనే మాట ఉండేది. గ్రీకులో అది ‘ఒర్ఫనోస్’ అయింది, సంస్కృతంలో అర్భ, అర్భకుడు. స్లావిక్‌లో ‘రబ్’ అయి బానిస అని అర్థం వచ్చింది. దిక్కులేని పిల్లవాడు ఎవరి ఇంట్లో చేరినా అతనికి మిగిలేది చాకిరీయే కదా. ఆ చాకిరీ ‘రొబొతా’. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో యంత్రమానవుల నాటకం రాస్తూ పేరు కోసం వెతుకుతుంటే, అన్న యోసెఫ్ ‘రొబొత్’ అని పెట్టమన్నాడు. రోబో, అర్భకుడు ఒక కడుపున పుట్టిన మాటలు. రష్యన్‌లో బిడ్డను ఇవాళ్టికీ ‘రెబ్యోనక్’ అంటారు, అదీ ఆ అర్భకుడే.

వీటిని ఇంత తేలిగ్గా చెప్పగలుగుతున్నామంటే కొందరు దీక్షగా చేసిన పని వల్ల. మాక్స్ ఫాస్మర్ 1938లో రష్యన్ వ్యుత్పత్తి నిఘంటువు మొదలుపెట్టాడు. 1944 జనవరిలో బెర్లిన్ మీద పడిన బాంబుకు ఆయన కార్డులూ, గ్రంథాలయమూ కాలి బూడిదయ్యాయి. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. 1950 నుంచి 1958 వరకు ఆ నిఘంటువు వెలువడింది. దాన్ని రష్యన్‌లోకి తెచ్చి, చేర్పులు చేర్చినవాడు ఒలేగ్ త్రుబచోవ్. స్లావిక్ బంధుత్వ వాచకాల చరిత్ర మీద ఆయన పుస్తకం 1959లో వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్ఫై నిండలేదు. ఇవాళ నేను మాట్లాడుతున్న దాంట్లో సగానికి పైగా ఆ పుస్తకం నీడలోనిదే.

మాస్టారు ‘ఆన్నా కరేనినా’ పాఠం చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. చేతిలో ఇంగ్లీషు ప్రతి. అందులో ఆన్నా డాలీకి ‘సిస్టర్-ఇన్-లా’, డాలీ లెవిన్‌కు ‘సిస్టర్-ఇన్-లా’, లెవిన్ స్తీవాకు ‘బ్రదర్-ఇన్-లా’. అందరూ ఒకే చట్టం కింద చుట్టాలు. మాస్టారు పుస్తకం మూసి, నల్లబల్ల మీద మూడు ముక్కలు రాశారు. ఆన్నా డాలీకి ఆడబిడ్డ. డాలీ లెవిన్‌కు వదిన. లెవిన్, స్తీవా తోడల్లుళ్ళు. క్లాసులో ఆడపిల్లలు ఒక్కసారిగా ముందుకు వంగారు. డాలీ మొగుడు స్తీవా తప్పు చేస్తే, కాపురం సర్దడానికి రైలెక్కి వచ్చింది ఎవరు? ఆడబిడ్డ! రష్యన్ పాఠకురాలికి జొలోవ్కా అనగానే గుండెలో ఏం కదులుతుందో అది ఆ క్షణం మా క్లాసులో కదిలింది. ఇవాళ మాస్కోలో చదువుకున్న పిల్లలే దేవెర్ ఎవరో షూరిన్ ఎవరో తికమక పడతారు. మన పిల్లలు కూడా తోడికోడలిని ‘కో-సిస్టర్’ అంటున్నారు. మాట పోతే మనిషి మిగలదా అంటే మిగులుతుంది. కానీ ఆమెతో ఏ వరసలో నవ్వాలో, ఏ వరసలో తగువాడాలో చెప్పేది ఆ మాటే.

ఇద్దరు పెళ్ళికూతుళ్ళను మీ ముందుకు తెస్తాను. మన పెళ్ళిళ్ళలో చాలాచోట్ల పురోహితులు ఋగ్వేదం పదో మండలం ఎనభై అయిదో సూక్తంలోని మంత్రం చదువుతారు. అత్తింట్లో నువ్వు రాణివి కావాలని పెళ్ళికూతురిని దీవించే మంత్రం. అందులో వరసగా మామగారు, అత్తగారు, ఆడపడుచు, మరుదులు ఉంటారు. శ్వశుర, శ్వశ్రూ, ననాందృ, దేవృ. ఈ నాలుగింటిలో మూడు మాటలు రష్యన్ పల్లెటూరి కోడలికి పరిచయమే: స్వ్యోకర్, స్వెక్రోవ్, దేవెర్. పీటల మీద తలవంచుకుని కూర్చున్న మన పిల్లకు ఆ మాటలు అర్థం కావు. ఆమె భాషలో ఆ నలుగురికీ వేరే పేర్లున్నాయి.

రెండో పెళ్ళికూతురు హెలెన్. హోమర్ ఇలియడ్ చివరి సర్గలో హెక్టర్ శవం దగ్గర ముగ్గురు స్త్రీలు శోకం పెడతారు. హెలెన్ వంతు చివరిది. ఈ ఇంట్లో నన్ను ఎవరు ఏమన్నా నువ్వు అడ్డుపడ్డావని బావగారిని తలుచుకుని ఏడుస్తుంది. ఆ ‘ఎవరు’ అన్నప్పుడు ఒక్కొక్కరినీ పేరుపేరునా లెక్కపెడుతుంది. భర్త అన్నదమ్ములు, ఆడబిడ్డలు, తోడికోడళ్ళు, అత్తగారు. మామగారు మాత్రం తండ్రిలా చూశాడని విడిగా చెబుతుంది. దాయేర్, గాలోస్, ఎయినాతెర్, హెకురే, హెకురోస్. సెర్బియాలో ఒక పల్లె కోడలు ఇవాళ తన అత్తింటి వాళ్ళను చెప్పమంటే ఇదే లెక్క ఒప్పజెబుతుంది: దేవెర్, జావొవా, యెత్ర్వా, స్వెక్ర్వా, స్వెకర్. అయిదింటికి అయిదూ అవే మాటలు. ట్రాయ్ కోట కాలిపోయింది, గ్రీకులే ఈ మాటల్లో చాలావాటిని మరిచిపోయారు. రాయడం, చదవడం రాని కోడళ్ళు మాత్రం, ఒకరికొకరు చెప్పుకుంటూ, బాల్కన్ కొండల్లో వాటిని నేటిదాకా మోసుకొచ్చారు.

మాస్టారి నోటు పుస్తకం ఈ బల్ల మీదే పెట్టాను. అనువాదం పూర్తయింది. చివర సోన్యా మామయ్యను ఓదార్చే పేజీలో ఒక్క కొట్టివేత కూడా లేదు. సభ అయ్యాక చూడాలనుకున్నవాళ్ళు వచ్చి చూడండి. పెన్సిలు రాత చెదిరిపోతోంది, పేజీలు నెమ్మదిగా తిప్పండి.